చేను మీద జాడ

చేను పెరిగిన తీరు చూసి కింద ఏముందో చెప్పడం మా గూడేల్లో కొత్త విద్యేమీ కాదు. ఒకే రోజు చల్లిన జొన్న ఒకచోట మనిషెత్తు లేచి, పది అడుగుల అవతల నడుము దగ్గరే ఆగిపోతే ముసలివాళ్ళు గట్టు మీద నిలబడే చెబుతారు: అక్కడ ఒకప్పుడు పశువుల మంద ఉండేది, ఇక్కడ బెత్తెడు లోతులో పరుపుబండ ఉంది అని. మనుషులు విడిచిపెట్టిపోయిన పాత ఊరి చోటును పాటి అంటాం. పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలుకోవడం మైదానం రైతులకూ తెలుసు. తరాల తరబడి పడిన బూడిద, పేడ, కుళ్ళిన కప్పుగడ్డి, ఎముకలు, కుండపెంకులు కలిసిన మన్ను అది. దాని మీద పైరు నల్లగా వస్తుంది. ఆ ఊరి పేరు ఎవరికీ గుర్తులేకపోయినా పైరు మాత్రం ఆ చోటును చూపిస్తుంది.

ఈ తెలివినే ఇంగ్లండులో వందేళ్ళుగా ఒక శాస్త్రంగా నడుపుతున్నారు. విమానం ఎక్కి చేలను ఫోటో తీస్తారు. పైరు రంగులో కనిపించే గీతలను, వలయాలను బట్టి మట్టి కింద ఏ కాలపు కట్టడం ఉందో ఊహిస్తారు. వీటిని మనం పంట జాడలు అందాం. మేము వాటి గురించి చదవడం మొదలుపెట్టింది సరదాకి కాదు. ఆకాశం నుంచి తీసిన బొమ్మలే ఇవాళ మా పోడు భూములు మావో కావో తేల్చే చోట వచ్చి కూర్చున్నాయి. అలాంటి బొమ్మను చదవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు దాన్ని ఎలా చదువుతారు, ఎక్కడ పొరబడ్డారు, తెలియనప్పుడు ఏమంటారు అన్నది తెలుసుకోవాలనిపించింది.

జాడ పడే తీరు తేలికైనదే. ఎప్పుడో తవ్విన కందకం కాలం గడిచేకొద్దీ పూడిపోతుంది. పూడిన మన్ను చుట్టూ ఉన్న నేల కన్నా మెత్తన, లోతు. వాన నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. దాని మీద పెరిగిన పైరు వేరు కిందికి దిగి, పక్క పైరు వాడిపోతున్నా ఇంకా పచ్చగా ఉంటుంది, ఆలస్యంగా పండుతుంది. అదే కింద రాతి గోడ పునాది ఉంటే తిరగబడుతుంది. వేరుకు చోటు లేక మొక్క గిడసబారి, అందరికన్నా ముందు పసుపెక్కుతుంది. నేల మీద నడిచేవాడికి అక్కడొక పచ్చని మచ్చ, ఇక్కడొక పాలిన మచ్చ కనిపిస్తాయి. పైనుంచి చూస్తే ఆ మచ్చలన్నీ కలిసి ఒక వలయమో, ఒక వీధో, ఒక ఇంటి నాలుగు గోడలో అవుతాయి.

అన్ని చేలలోనూ, అన్ని ఏళ్ళలోనూ జాడలు రావు. నీటి కరువు ఉండాలి. అందుకే బ్రిటన్‌లో 1976లోనూ, 2018లోనూ వచ్చిన ఎండలు రైతులను ఏడిపించాయి, జాడలు వెతికేవాళ్ళకు పండగ చేశాయి. ఐర్లండులో న్యూగ్రేంజ్ అనే పాత సమాధి దగ్గర 2018 జూలైలో ఇద్దరు డ్రోన్ ఎగరేస్తే, అంతకు ముందు ఎవరికీ తెలియని పెద్ద వలయం చేలో తేలింది. బార్లీ, గోధుమ లాంటి దగ్గర దగ్గరగా పెరిగే పైర్లలో జాడ బాగా వస్తుంది. గులక నేలలో, సుద్ద నేలలో బాగా వస్తుంది, బంకమన్నులో సరిగ్గా రాదు. నీళ్ళు నిలబెట్టిన మన వరి మడిలో వెతకడం దండగ. వేరుకు దాహం లేనిచోట కింద ఏమున్నా పైకి తెలియదు.

విమానం రాకముందే ఈ సంగతి పల్లె జనానికి తెలుసు. నాలుగు వందల ఏళ్ళ కిందట విలియం క్యామ్డెన్ అనే ఆయన ఇంగ్లండంతా తిరిగి పెద్ద గ్రంథం రాశాడు. అందులో రిచ్‌బరో అనే పాత రోమను ఊరి గురించి రాస్తూ, పైరు మొలిచినప్పుడు వీధులు ఉన్నచోట అది పలచబడి అడ్డంగా నిలువుగా గీతలు కనబడతాయని, అక్కడి జనం దాన్ని సెయింట్ అగస్టీన్ శిలువ అంటారని చెప్పాడు. జనం దానికి పేరు పెట్టుకున్నారంటే ఎన్ని పంటలు చూసి ఉండాలి! ఆ పేరు పెట్టిన రైతుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. మాకు అది ఆశ్చర్యం కలిగించలేదు.

శాస్త్రంగా నిలబెట్టినవాడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో కూర్చుని శత్రువుల నేలను పరిశీలించే పని చేశాడు. 1920లో అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థలో పురాతత్వ అధికారి అయ్యాడు. సైన్యం విమానాలు తీసిన ఫోటోల్లోనే పాత పొలాల గట్లు, స్టోన్‌హెంజ్‌కు వెళ్ళే పాత బాట జాడలు పట్టుకున్నాడు. పైనుంచి ఆ నేలను చూసిన ఆ కెమెరా కన్ను సిపాయిది అన్న మాట గుర్తుంచుకోవాలి. మా అడవుల మ్యాపులు కూడా మొదట మా కోసం గీసినవి కావు.

క్రాఫర్డ్ ఒక పోలిక చెప్పేవాడు. తివాచీ మీద తిరిగే పిల్లికి దాని మీది బొమ్మ ఎప్పటికీ తెలియదు, నిలబడి చూసే మనిషికి ఒక్క చూపులో తెలుస్తుంది అని. మంచి పోలికే. కానీ ఆ తివాచీ ఎక్కడ తడిసిందో, ఎక్కడ చిరిగిందో, దాని కింద ఎలుక ఎక్కడుందో పిల్లికే తెలుస్తుంది. ఈ ముక్క మా గూడెం అవ్వ ఒకావిడ అంది. ఆమె తివాచీ ఎన్నడూ కొనలేదు గానీ పిల్లిని పెంచింది.

పైనుంచి చూసిన దాన్ని కింద తవ్వి సరిచూసిన కథల్లో ఒకటి వుడ్‌హెంజ్‌ది. స్టోన్‌హెంజ్‌కు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక గుండ్రటి చోటు ఉండేది. దున్ని దున్ని అరిగిపోయిన పెద్ద సమాధి దిబ్బ అని అనుకునేవారు. 1925 డిసెంబరులో గిల్బర్ట్ ఇన్సాల్ అనే పైలట్ ఆ మీదుగా పోతూ దాని లోపల తెల్లటి చుక్కలు గమనించాడు. మరుసటి వేసవిలో గోధుమ ఎదిగాక ఆ చుక్కలు వరసలు వరసలుగా పైరులోకి వచ్చేశాయి. మాడ్ కన్నింగ్టన్ అనే ఆమె 1926లో తవ్వకం మొదలుపెట్టి చూస్తే, అవి దుంగలు పాతిన గుంటలు. ఒకదాని లోపల ఒకటిగా ఆరు వలయాలు. దిబ్బ కాదు, కొయ్య స్తంభాలతో కట్టిన పెద్ద నిర్మాణం. ఇక్కడ జాడ తెలివిగా మాట్లాడింది, తవ్వకం దానికి వంత పాడింది.

ఎప్పుడూ అలా జరగదు. మాకు వుడ్‌హెంజ్ కన్నా బాల్‌బ్రైడీ కథే ఎక్కువ పనికొచ్చింది.

స్కాట్లండులో డీ అనే నది ఒడ్డున బాల్‌బ్రైడీ ఉంది. 1976 ఎండల్లో విమానం నుంచి తీసిన ఫోటోలో అక్కడి చేలో ఒక పెద్ద ఇంటి ఆకారం కనిపించింది. పొడవాటి చావడి లాంటిది, గోడల వెంట గుంజలు పాతిన జాడ, లోపల అడ్డగోడల జాడ. చూసినవాళ్ళు చదువుకున్నవాళ్ళే. అలాంటి కొయ్య చావడులు క్రీస్తు తర్వాత ఆరు, ఏడు శతాబ్దాల్లో అక్కడి దొరలు కట్టుకునేవారని వాళ్ళకు తెలుసు. కనుక ఇది కూడా ఆ కాలపు దొర చావడే అనుకున్నారు. ఆ అంచనాతోనే 1977లో తవ్వడం మొదలుపెట్టారు. దాదాపు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న ఇల్లు బయటపడింది. నిప్పంటుకుని కాలిపోయిన ఇల్లు. కాలిన గింజలు వేలకు వేలు దొరికాయి, గోధుమ, బార్లీ. ఆ బొగ్గును రేడియో కార్బన్ పరీక్షకు పంపితే తేలిన కాలం క్రీస్తు పూర్వం 3800 ప్రాంతం. అనుకున్న కాలానికీ అసలు కాలానికీ నాలుగు వేల ఏళ్ళకు పైగా తేడా! దొరలూ లేరు, ఇనుమూ లేదు, కంచూ లేదు. ఆ దేశంలో మొదటిసారి విత్తనం వేసిన మనుషుల ఇల్లు అది.

ఫోటో అబద్ధం చెప్పలేదు. చేలో ఇంటి ఆకారం ఉందంది, ఉంది. గుంజల గుంటలు ఉన్నాయంది, ఉన్నాయి. కాలం సంగతి ఫోటోలో లేదు. అది చూసేవాడి బుర్రలోంచి వచ్చింది. అంత పెద్ద ఇల్లు కట్టగలిగేవాడు దొరే అయి ఉండాలి అన్న నమ్మకం ఆ బొమ్మ మీద వచ్చి వాలింది. ఆ తవ్వకం చేసినవాళ్ళ గొప్పతనం ఏమిటంటే, పరీక్ష వచ్చాక తమ మొదటి మాటను పట్టుకుని వేలాడలేదు.

నదికి అవతల ఒడ్డున వారెన్ ఫీల్డ్ అనే చేలో కూడా ఫోటో జాడలను బట్టి తవ్వారు. అక్కడా అలాంటి పాత ఇల్లే దొరికింది. దానితోపాటు ఒక డజను గుంటల వరస దొరికింది. అవి దాదాపు పది వేల ఏళ్ళ కిందట చంద్రుడి నెలలు లెక్కపెట్టుకోవడానికి తవ్వినవని 2013లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అందరూ ఒప్పుకోలేదు. గుంటలు ఉన్నాయన్నది నిజం, వాటితో ఏం చేశారన్నది ఇంకా మాటే.

ఇక దొంగ జాడలకు లెక్కలేదు. మంచుయుగంలో నేల గడ్డకట్టి పగిలిన బీటలు పూడిపోయి, ఇవాళ పైరులో పాత పొలాల గట్ల లాగా కనిపిస్తాయి. నేల కింద వేసిన మురుగు గొట్టాలు రోమను వీధుల్లా కనిపిస్తాయి. ఒక రకం పుట్టగొడుగు నేలలో చుట్టూ పాకుతూ పోతే గడ్డిలో ముదురు రంగు వలయం వస్తుంది. గుర్రాన్ని తాడు కట్టి గుండ్రంగా తిప్పిన చోటు, గడ్డివామి చుట్టూ తీసిన కాలువ, యుద్ధకాలంలో లైట్లు పెట్టిన దిమ్మె, ఇవన్నీ వలయాలే. వలయం కనపడగానే పాత సమాధి అనేసేవాడు ఆ వృత్తికి పనికిరాడు. మా వైపు అయితే గొర్రెల మంద చాలు. పోయిన ఏడు నాలుగు రాత్రులు చేలో మంద పెట్టించుకుంటే, ఈ ఏడు ఆ మేర పైరు నల్లగా లేస్తుంది. తడికలు ఏ ఆకారంలో కట్టారో పైరు అదే ఆకారం. విమానంలో ఉన్నవాడికి అది రాజుగారి కోట.

అందుకే వాళ్ళు బొమ్మ చూసి మ్యాపు గీసేటప్పుడు ఒక అలవాటు పాటిస్తారు. ప్రతి జాడ పక్కనా ఎంత నమ్మకంతో చెబుతున్నారో రాస్తారు. కావచ్చు, చాలావరకు అదే, తేలలేదు అని. తవ్విచూడని జాడలు వేలు ఉన్నాయి, వాటిలో చాలావాటిని ఎప్పటికీ తవ్వరు కూడా. ఆ కావచ్చు అన్న మాటతోనే అవి రికార్డుల్లో ఉండిపోతాయి. చదువుకున్నవాళ్ళు తెలియదని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టడం చూసి మాకు ముచ్చటేసింది. మా వైపు కార్యాలయాల్లో ఆ మాట రాయడానికి గడి ఉండదు. అవును, కాదు అని రెండే గడులు.

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద ఆదివాసీకి హక్కు ఉంది. ఆ రోజు ఆ నేల మీద సాగు ఉందా లేదా అని తేల్చడానికి ఉపగ్రహం బొమ్మను ముందు పెట్టడం అలవాటైంది. మాలో ఒకరి దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఎందుకు అని అడగడానికి నలుగురం కలిసి వెళ్ళాం. కంప్యూటర్ మన వైపు తిప్పి చూపించారు. ముదురు పచ్చ మచ్చలు. "చెట్లున్నాయి కదయ్యా, అడవి కదా ఇది" అన్నారు. చెట్లే. అవి ఇప్పలు.

పోడు కొట్టేటప్పుడు ఇప్ప చెట్టు మీద గొడ్డలి వేయం. తునికి, చింత, మద్ది కూడా చాలావరకు ఉంచుతాం. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ చెట్టు కింద ఊడ్చి పెట్టుకున్న చోటు ఎవరిదో గూడెం మొత్తానికి తెలుసు. ఆ చెట్ల మధ్యనే సామ, కొర్ర, జొన్న, కంది. రెండు మూడు పంటలు తీశాక నేలను కొన్నేళ్ళు బీడు వదులుతాం, అప్పుడు పొదలు లేస్తాయి. అది విడిచిపెట్టిన నేల కాదు, పడుకోబెట్టిన నేల. పడుకున్న ఏడాదిలో బొమ్మ తీస్తే అడవి అంటారు. కోత అయ్యాక తీస్తే ఎర్రమన్ను కనిపించి, అడవి నరికారు అంటారు.

దీన్ని లెక్కగా కూడా చూడవచ్చు. డెహ్రాడూన్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దేశంలో అడవి ఎంత ఉందో ఉపగ్రహం బొమ్మలతో లెక్క కడుతుంది. హెక్టారుకు తగ్గని నేల మీద కొమ్మల నీడ 10 శాతం ఉంటే అది వాళ్ళ లెక్కలో అటవీ విస్తీర్ణమే. ఆ నేల ఎవరిదో, అందులో ఏం పండిస్తున్నారో ఆ లెక్కకు అక్కర్లేదు. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు, వంద గుంటలు. అందులో పది గుంటల మేర నీడ చాలు. బాగా విస్తరించిన ఇప్ప చెట్టు గుంట నేల మీద నీడ పరుస్తుంది. అంటే రెండున్నర ఎకరాల చేలో పది ఇప్ప చెట్లు ఉంచిన రైతు లెక్కలో అడవిలో కూర్చున్నట్టే. మామిడి తోట అడవే, జామాయిల్ తోట అడవే. దేశం మొత్తం మీద చెట్ల నీడ ఎంతుందో తెలుసుకోవడానికి ఆ లెక్క బాగానే పనికొస్తుంది, మేము కాదనం. కానీ అది ఒక మనిషి దున్నాడా లేదా అని అడిగితే జవాబు చెప్పేది కాదు. ఆ సర్వేల్లో ఎక్కువగా వాడిన బొమ్మల్లో ఒక్కొక్క చుక్క 23.5 మీటర్ల చదరం. అంటే అయిదున్నర గుంటలు ఒకే రంగు. అందులో సగం జొన్న, సగం ఇప్ప ఉంటే ఏ రంగు వేయాలో యంత్రమే నిర్ణయించుకుంటుంది.

ఇవన్నీ చట్టం చేసినవాళ్ళకు తెలియవని కాదు. 2012లో సవరించిన నిబంధనల్లో ఉపగ్రహం బొమ్మ మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గానీ వాటికి బదులు కాదని స్పష్టంగా రాశారు. సాక్ష్యాల జాబితాలో పెద్దల వాంగ్మూలం ఉంది. చదును చేసిన నేల, గట్లు, గుడిసెలు ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు ఉన్నాయి. ఆ జాబితా చదివినప్పుడు పురాతత్వం చదివినవాడే ఎవరో పక్కన కూర్చుని రాయించాడేమో అనిపించింది. అయినా 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించిన వాళ్ళను ఖాళీ చేయించమన్న ఉత్తర్వులోనే, ఆక్రమణలు ఎక్కడున్నాయో ఉపగ్రహ సర్వే చేసి చెప్పమని ఫారెస్ట్ సర్వేను ఆదేశించింది. రెండు వారాల తర్వాత ఆ ఖాళీ చేయించే ఉత్తర్వును ఆపింది. ఆ రెండు వారాలు మా గూడేల్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఇంతలో మా దగ్గరే ఒక జాడ తేలింది. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు ఫోన్‌లో ఉపగ్రహం బొమ్మ చూస్తూ, వెనక్కి వచ్చిన ఆ దరఖాస్తు చేలోనే ఒక వలయం పట్టుకున్నాడు. ఎండు చలికాలంలో తీసిన బొమ్మ, చేలో జొన్న ఉంది. ముప్పై అడుగుల అడ్డం ఉన్న ముదురు రంగు వలయం, లోపల మామూలు రంగు. దాని పక్క నుంచి వాగు వైపు పాలిపోయిన గీత ఒకటి వంకరగా పోతోంది. సాయంత్రం చావిడి దగ్గర ఆ ఫోన్ చేతులు మారింది.

గీత సంగతి త్వరగా తేలింది. "అది బండ్ల బాటరా, రేవుకు పోయేది. మా నాయన ఇప్పపువ్వు బండి అటే తోలేవాడు" అన్నాడొక తాత. ఇంకో ఇద్దరు అవునన్నారు. బండి చక్రాల కింద గట్టిపడిన నేలలో పైరు పాలిపోతుంది, బొమ్మా అదే చెబుతోంది. నోటి మాట, రంగు, దారి పోయే దిక్కు, మూడూ ఒకేవైపు ఉన్నాయి.

వలయం దగ్గర మాత్రం ఎవరి మాట వారిదే. కళ్ళం అన్నాడొకాయన. ఎడ్లు తొక్కి తొక్కి గట్టిపడిన కళ్ళం అయితే లోపలంతా పాలిపోవాలి, ఇక్కడ లోపల బాగానే ఉంది. పశువుల దొడ్డి అన్నారు ఇంకొకరు. దొడ్డి అయితే లోపలంతా నల్లబడాలి, ఒట్టి అంచు మాత్రమే ఎందుకు నల్లబడుతుంది? గడ్డివామి చుట్టూ తీసిన కాలువ కావచ్చు, కానీ అక్కడ వామి వేసినట్టు ఎవరికీ గుర్తులేదు. పాత సమాధి కావచ్చు. ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర దామరవాయి అడవుల్లో బండలు నిలబెట్టి పైన కప్పురాయి పరిచిన పాత సమాధులు చాలా ఉన్నాయి. జనం వాటిని రాక్షస గుళ్ళు అంటారు. మన తెలుగు నేల మీద చాలాచోట్ల అలాంటి పాత సమాధుల చుట్టూ రాళ్ళ వలయం ఉంటుంది. ఆ రాళ్ళు ఎవరైనా గట్టు కట్టడానికి పెకలించుకుపోతే, మిగిలిన గాడిలో మెత్తటి మన్ను చేరి పైరు నల్లగా రావచ్చు. చనిపోయిన పెద్దల పేర రాయి నిలబెట్టే ఆచారం మాలోనూ ఉంది, సవరల్లోనూ గదబల్లోనూ ఉంది. అప్పుడు ఇందాకటి అవ్వ నోరు విప్పింది: "అది ఏందో నాకు తెల్వదు. మా అమ్మ మాత్రం కొత్తల పండుగకు ఆడ పిడికెడు గింజలు పోసేది. మమ్మల్ని ఆడ నిలబడనిచ్చేది కాదు." ఎందుకని అడిగారు పిల్లలు. "అడిగితే చెప్పేది కాదురా అయ్యా, అడగనిచ్చేది కాదు" అంది.

అంతే, సగం మంది పెద్దల సమాధి అనేశారు. దరఖాస్తులో పురాతన శ్మశానం అని రాసెయ్యమన్నారు. నిబంధనల్లో శ్మశానం అన్న మాట ఉంది కనుక ఇక తిరుగుండదని వాదించారు. ఆ వాదనలో ఆకలి ఉంది, దాన్ని మేము చిన్నచూపు చూడం. భూమి పోయే మనిషికి జాగ్రత్తగా మాట్లాడమని చెప్పడం కడుపు నిండినవాడి మాటలా ఉంటుంది. అయినా రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుని అలా రాయకూడదనే అనుకున్నాం. వాళ్ళు పచ్చ మచ్చ చూసి అడవి అన్నారు. మేము నల్ల వలయం చూసి సమాధి అంటే, ఆ రెండు మాటలకూ తేడా ఏముంది? వాళ్ళ బొమ్మను ఒంటరిగా నమ్మొద్దని అడిగే నోటితోనే మా బొమ్మను ఒంటరిగా నమ్మమని అడగలేం.

తవ్వి చూద్దాం అన్న కుర్రవాళ్ళూ ఉన్నారు. దానికి పెద్దలు ఒప్పుకోలేదు. నిజంగా పెద్దలు పడుకున్న చోటే అయితే గడ్డపార వేసేది ఎవరు? పైగా పాత చోట్లను ఇష్టం వచ్చినట్టు తవ్వితే ఉన్న సాక్ష్యం కూడా చెడిపోతుంది. ఇంకో భయం కూడా ఉంది. కేంద్రం రక్షణ కిందికి వెళ్ళిన పురాతన కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా ఏదీ కట్టకూడదు, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతి లేకుండా కట్టకూడదు. అడవి అని ఒకరు, పురాతనం అని ఇంకొకరు కంచె వేస్తే మధ్యలో జొన్న వేసుకునే మనిషి ఎటు పోవాలి? నవ్వుతూనే అనుకున్నాం గానీ ఇది నవ్వే సంగతి కాదు.

చివరికి గ్రామసభ కాగితం ఇలా తయారైంది. చేను నక్షా ఒకటి చేత్తో గీశాం. మాకు ఖాయంగా తెలిసినవి నల్ల సిరాతో: పది ఇప్ప చెట్లు, ఒక్కొక్కదాని కింద పువ్వు ఏరుకునే ఇంటివాళ్ళ పేరు, చెక్కుకట్టిన రెండు గట్లు, బండ్ల బాట, గుడిసె పునాది రాళ్ళు, తిరగలి రాయి. పెద్దలు చెప్పినవి ఎర్ర సిరాతో, చెప్పినవారి పేరుతో, ఏ ఏడు ఏ పంట, ఏ ఏడు బీడు అన్న వరసతో. వలయాన్ని పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా గీసి, పక్కన రాశాం: "ఇది ఏమిటో తేలలేదు. పాత సమాధి కావచ్చు, గడ్డివామి చోటు కావచ్చు. ఒక పెద్దామె తల్లి పండుగకు ఇక్కడ గింజలు పోసేది." బొమ్మ తీసిన తేదీ కూడా పెట్టాం. కాగితం తీసుకున్న ఉద్యోగి ఆ పెన్సిల్ గీత దగ్గర ఆగి, తెలియనిది ఎందుకు రాశారని అడిగాడు. మీ బొమ్మ పక్కన కూడా ఇలాగే రాయమని అడగడానికి అన్నాం. ఆయన ఏమీ అనలేదు, రసీదు ఇచ్చాడు.

ఆ జొన్న కోత అయ్యాక చేలో వలయం లేదు, ఒట్టి కొయ్యకాళ్ళు. ఈ ఏడు అక్కడ కంది వేశారు. కంది వేరు బాగా లోతుకు పోతుంది. మాఘంలో వాగు గట్టున ఉన్న పెద్ద మద్ది చెట్టెక్కి ఫోటో తీయమని పిల్లలకు చెప్పాం.